గాసి కూర్చోబెట్టే రాళ్లు

అరకు సంతలోకి గాసి కంటే ముందు గాసి నవ్వు వస్తుంది. హాస్యమాడబోయే ముందే తను నవ్వేసుకోవడం అతనికి అలవాటు. ఒక్కోసారి ఆ నవ్వు పూర్తయ్యేసరికి చెప్పాల్సిన మాట మరిచిపోయి, "ఏటో ఉన్నాది, మంచి మాటే" అని ఊరుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు దానికే నవ్వుతారు. యాభై దాటిన గదబ మనిషి. లోయ అంచున జొడ్డిపుట్టు అనే చిన్న ఊరు. కొంచెం చోళ్లు, కొంచెం సామలు పండిస్తానని చెబుతాడు. పండించేది అతని భార్య అని ఊరివాళ్లు చెబుతారు. అతని అసలు పని కార్తీకంలో మొదలవుతుంది.

ఆ నెలలో వానలు వెనక్కి తగ్గి దారి గట్టిపడుతుంది. శృంగవరపుకోట వైపు పల్లెల నుంచి జనం బళ్లు కట్టుకుని కొండ కిందికి వస్తారు. అక్కడి నుంచి గాసి వాళ్లను నడిపించుకుని బోడిమెట్టకు తీసుకెళతాడు. ఇప్పటికి ముప్పై ఏళ్ల కిందట ఆ మెట్ట మీద బండి దారి తవ్వుతూ ఉండగా, విడవకుండా కురిసిన వానకు కొండ పక్క ఊడి జారింది. దాని కింద కూలీల పాకలున్నాయి. దొరికినవాళ్లు కొందరు, దొరకనివాళ్లు ఎక్కువ. వాళ్ల అమ్మలు, పెళ్లాలు, అన్నదమ్ములు, ఇప్పుడైతే మనవలు కూడా ఏడాదికోసారి వచ్చి ఆ చోటు చూసి వెళతారు.

మొదట వచ్చింది ఒక్క ముసలమ్మ. దారి తెలియక గెడ్డ ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే గాసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. మరుసటేడు ఆమె తన ఊరివాళ్లను వెంటబెట్టుకొచ్చింది. ఆ పై ఏడు వాళ్లు పక్క ఊరివాళ్లను తెచ్చారు. "నన్నెవులూ ఈ పనికి పెట్టనేదు, ఆ ముసల్ది పెట్టీసి ఎల్లిపోనాది" అంటాడు గాసి.

నడకలో అతని కట్టుబాట్లు అతనికున్నాయి. ఎక్కేటప్పుడు ఎవరూ ఏడవకూడదు. "ఏడిస్తే ఊపిరి ఐపోద్ది. మిమ్మల్ని మొయ్యడానికి నా కాడ గుర్రం నేదు. పైకెల్లినాక కడుపారా ఏడుద్దురు గానీ." ఆయాసపడే వాళ్లను చూస్తే అక్కడే ఆగి కథ ఎత్తుకుంటాడు. ఆయాసం తగ్గినా కథ తగ్గదు. అప్పుడు వాళ్లే "పద బాబూ, నడుద్దుము" అని అతన్ని లాక్కుపోవాలి.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగి ఎన్నాళ్లో కాలేదు కనక పదిమంది గుంపుగా కొండెక్కితే ఘాటీ దారి మొదట్లో జవాను ఆపి అడిగేవాడు. ఒక కొత్త జవాను మరీ గద్దించి అడిగాడట, ఎక్కడికి, ఎవరి దగ్గరికి అని.

"సచ్చినోల్ల కాడికి బాబూ" అన్నాడు గాసి. "మీరూ రండి. ఎతికితే మీకూ ఎవులో ఒకలు సుట్టం ఉంతారు."

జవాను రాలేదు. మళ్లీ ఆపనూ లేదు.

పైన చూడటానికి ఏముందంటే రాళ్లున్నాయి. కొండ జారిన చోట ఇప్పుడు పచ్చిక, ఈత పొదలు. దాని అంచున పనస చెట్ల కింద జొడ్డిపుట్టు వాళ్లు నిలబెట్టిన రాళ్లు. పోయినవాడికి ఒక నిలువు రాయి, దాని పాదాల దగ్గర నేల మీద పరిచిన ఒక పరుపు రాయి. తమ ఊరి పెద్దలకు చేసినట్టే ఈ పరాయి కూలీలకూ చేశారు. తమ నేల మీద పోయినవాడు తమవాడే అని వాళ్ల లెక్క. పరుపు రాయి మీద కూర్చోవడమే వాళ్ల మర్యాద. కూర్చుని అంబలి తాగుతారు, కబుర్లు చెబుతారు, పిల్లలు గోల చేస్తారు. దిగువ నుంచి వచ్చినవాళ్లకు ఇది మొదట్లో గుండె ఝల్లుమనే సంగతి. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, దూరంగా నిలబడిపోయేవారు.

"నిలబడి దండమెట్టీసి ఎల్లిపోనోడు శిస్తుకొచ్చే అమీను" అనేవాడు గాసి. "సుట్టమైతే కూకుంతాడు. కూకోండి, కూకోండి. ఆడికి బరువేటీ ఉండదు."

ఏ రాయి ఎవరిదంటే ఎవరికీ తెలియదు. నచ్చిన రాయి మీద కూర్చోమంటాడు. కూర్చున్నాక అందరూ అడిగేది ఒకటే. మావాణ్ని నువ్వు చూశావా? గాసి కుర్రతనంలో ఆ పాకలకు జీలుగు కల్లు మోసుకొచ్చి పోసేవాడు కాబట్టి అందర్నీ చూసే ఉంటాడు. కాని కల్లు పోసేవాడికి కనబడేవి చాచిన దోసిళ్లు, ఎత్తిన గడ్డాలు. ముఖాలు కలిసిపోయాయి. అయినా గాసి నోట ఎరగనన్న మాట ఎవరూ వినలేదు. పోయినవాడి గురించి అడిగితే ఎరగననడం, ఇంటికొచ్చిన చుట్టం ముందు తలుపు వేసెయ్యడం లాంటిదని వాళ్ల ఊళ్లో అనుకుంటారు. అంచేత "సూసినాను" అనేవాడు. ఆ తరవాత అడిగినవాళ్ల మొహం చూస్తూ, వాళ్లకేది కావాలో అది చెప్పేవాడు. అందరూ మంచివాళ్లే, అందరూ గొప్ప పాటగాళ్లే. గాసి మాట నమ్మితే ఆ పాకల్లో పాడనివాడు ఒక్కడూ లేడు. ఆ హోరులో పని ఎవరు చేశారో మాత్రం తెలియదు.

ఇలా సాగుతుండగా పందొమ్మిది వందల ఇరవై ఆరో సంవత్సరంలో పైడమ్మ వచ్చింది. ఆ రోజు సంగతి గాసి నాకు మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాడు. పైడమ్మ ఒకే రకంగా చెప్పింది కనుక ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

పైడమ్మ పెనిమిటి సింహాచలం ఈ దారి పనికి వచ్చి తిరిగి రాలేదు. కొండ కింద పడిపోయాడని కొందరన్నారు. కొండ జారక ముందే పని మానేసి రంగం ఓడెక్కాడని కొందరన్నారు. రంగంలో ఎవరో బర్మా ఆడమనిషి పక్కన చుట్ట కాలుస్తూ చూశామని ఒకరిద్దరు ఒట్టు కూడా వేశారు. శవం దొరకలేదు. పైడమ్మ గాజులు తియ్యలేదు, మెట్టెలు తియ్యలేదు. అలాగని నుదుట బొట్టు నిండుగా పెట్టుకోనూ లేదు, సగం పెట్టేది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రతి పెళ్లికీ ఆమె దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్లకు తగువే. పసుపు రాయించాలా, వద్దా? హారతికి పిలవాలా, వంటింట్లోకి పంపాలా? ఒకామె పిలిస్తే ఇంకొకామె కొంగు లాగేది. ఈ గుసగుసలన్నీ పైడమ్మ ముందే, ఆమె చెవిటిదైనట్టు జరిగేవి.

ఇప్పుడు ఆమె మరిది తాతారావు కూతురి పెళ్లి వచ్చింది. మగపెళ్లివారు పట్టింపు మనుషులు. వదిన పుణ్యస్త్రీయా, విధవరాలా, ఏదో ఒకటి తేలాలని తాతారావు పట్టుబట్టాడు. తేల్చేవాడు గాసి ఒక్కడే అని ఎవరో చెప్పారు. తాతారావు తెలివిగా ముందు తనే సంతకు వచ్చి గాసిని పక్కకు పిలిచాడు.

"మా అన్న పోవడం కల్లారా సూసినానని మా వదిన్తో సెప్పాల."

"అలగే సెప్తాను. ఎలా పోనాడనాల?"

"ఎలా పోతే ఏటి? పోవాల, అంతే."

"బాద నేకండా పోనాడనీనా?"

"అనీ."

"పాడతా పాడతా పోనాడని?"

"మా అన్నకి పాట రాదు."

గాసి కాస్త ఆలోచించాడు. "అలగైతే వింటా పోనాడు" అన్నాడు.

ఆ కార్తీకంలో తాతారావు, పైడమ్మ, ఇంకో నాలుగిళ్లవాళ్లు కలిసి కొండెక్కారు. గాసి ఎక్కడ కథ కోసం ఆగినా పైడమ్మ ఆగలేదు. "నీ కత నా ఎనక తోలు, నాను ముందెల్తాను" అని కర్ర పొడుచుకుంటూ పోయింది. తనకంటే ముందు నడిచే యాత్రికురాలిని గాసి అప్పుడే చూడటం. వెనక నుంచి అరవలేక, కథ మింగలేక అవస్థపడ్డాడు.

పనస చెట్ల కిందికి చేరాక అందరూ తలో రాయి చూసుకున్నారు. పైడమ్మ నిలబడే ఉంది.

"కూకో అప్పా" అన్నాడు గాసి, అక్కను పిలిచినట్టు.

"కూకుంటాను గానీ ముందు సెప్పు. మా ఇంటాయన్ని సూసినావా?"

"సూసినాను."

"ఎలగుండీవోడు?"

గాసి ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ దొరకలేదు. "నువ్వే సెప్పప్పా. నువ్వంటంటే నాకు బాగా గురుతొస్తాది."

"పొడుగు."

"పొడుగే! పాకలోకి వొంగి ఎల్లీవోడు."

"మెత్తటి మనిసి. గట్టిగా మాట్టాడ్డు."

"ఆడి మాట పక్కోడిక్కూడా ఇనబడీది కాదు."

తాతారావు దగ్గాడు. గాసి ఆ దగ్గును మెప్పుదల అనుకున్నాడు.

"కల్లు ముట్టడు" అంది పైడమ్మ.

"నాను పోత్తంటే సెయ్యి అడ్డం పెట్టీసీవోడు! ఒద్దు తమ్ముడూ, మా ఇంట్లో ఒప్పుకోరు అనీవోడు."

తాతారావు మళ్లీ దగ్గాడు, ఈసారి చాలాసేపు. పైడమ్మ మరిది వైపు తిరిగింది.

"ఏటి తాతారావూ, గొంతులో ఏటైనా అడ్డం పడ్డాదేటి? మీ అన్న గొంతేనా?" అని, మళ్లీ గాసితో అంది: "నా మొగుడు నా బుజం కాడికి ఒచ్చీవోడు. ఆడు మాట్టాడితే మూడిల్లవతల కుక్కలు లేసీవి. కల్లు ముంత కనబడితే ముంతకే దండమెట్టీవోడు. నువ్వు సూసినోడెవుడు బాబూ? ఆడు దొరికితే సెప్పు, ఆడికి మారుమనువెల్లిపోతాను."

రాళ్ల మీద కూర్చున్న వాళ్లంతా ఒక్కసారి నవ్వారు. నవ్వి, ఉన్నట్టుండి ఆపేశారు. గాసి తమకు చెప్పిన కథలు వాళ్లకు గుర్తొచ్చి ఉంటాయి. ఒకావిడ తను కూర్చున్న రాయిని అరచేత్తో ఒకసారి తడిమింది.

గాసికి నవ్వు రాలేదు. తలగుడ్డ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పాడు.

"ఎరగనప్పా" అన్నాడు.

"మల్లీ సెప్పు."

"నాకెరిక నేదు. నాను గెడ్డకి ఆవల ఉన్నాను. కల్లు బుర్ర బుజాన ఉన్నాది. వాన. సప్పుడు ముందొచ్చినాది, ఆనక కొండొచ్చినాది. సూసినప్పటికి పాకల్నేవు. మట్టి కదుల్తన్నాది, అంతే. ఆల్లలో మీవోడున్నాడో, ముందే ఎల్లిపోనాడో నాకెరిక నేదు. అంతకు ముందు శానామంది జొరాలొచ్చి ఎల్లిపోనారు. ఎవులు పోనారో, ఎవులున్నారో మేమడగనేదు. దాహమేస్తే పోసీవోల్లం." తలగుడ్డ మళ్లీ చుట్టుకుని, "నీ మరిది సెప్పమన్నాడు గానీ, ఆయన సెప్పకపోయినా నాను సెప్పీవోన్నే. ఎవులడిగినా సెప్పీవోన్నే" అన్నాడు.

"ఇప్పుడు నమ్ముతాను నిన్ను" అంది పైడమ్మ.

తాతారావు అడ్డొచ్చాడు. "అలగంటే ఎలగ వదినా? మరి పెల్లికి నిన్నేటనుకోవాల? ఇంతదూరం ఒచ్చి తేలకపోతే?"

"తేలకపోతే మా ఊల్లో ఒకటి సేస్తారు" అన్నాడు గాసి. వాళ్ల ఊళ్లో కూడా అడవికి వెళ్లో, దూరపు పనులకు వెళ్లో ఏమయ్యాడో తెలియని మనిషికి నిలువు రాయి నాటరు. పరుపు రాయి మాత్రం వేసి ఊరుకుంటారు. "ఒస్తే ఆడే కూకుంతాడు. రాకపోతే మనవే కూకుంతాం. రాయికి తొందరనేదు."

పైడమ్మకు ఆ ఏర్పాటు నచ్చింది. ఊళ్లో తన స్థితికి అది సరిగ్గా సరిపోయిందనిపించి ఉంటుంది. గాసి కేకేస్తే దగ్గర పొలంలో ఉన్న నలుగురు వచ్చారు. గెడ్డ పక్క నుంచి ఒక పలక రాయి దొర్లించుకొచ్చి, ఖాళీగా ఉన్న చోట చదును చేసి వేశారు. తాతారావు కూడా ఒక చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేసి వేళ్లు ఊదుకున్నాడు.

పైడమ్మ వెళ్లి ఆ రాయి మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది. ఆమె ఇప్పుడు ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. దారి పొడుగునా ఎవరినీ ఏడవనివ్వని గాసి కూడా, ఇక ఏడవచ్చు అన్నట్టు పక్కకు జరిగాడు.

"ఓరి పొట్టి ఎదవా" అని మొదలెట్టింది పైడమ్మ.

ఎక్కడా ఆపలేదు. పుట్టింటి అమ్మవారి పండక్కి తీసుకెళతానని మాటిచ్చి, సారె బుట్ట సర్దుకుని గుమ్మంలో కూర్చున్న తనను పొద్దుగూకేదాకా అలాగే కూర్చోబెట్టి, ఎక్కడో తాగి పడిపోయిన సంగతితో ఎత్తుకుంది. అతని గురకను తిట్టింది. పందెం కోడికి కన్నతల్లి పేరు పెట్టడాన్ని తిట్టింది. కూర వండితే ఉప్పు లేదని, వేస్తే ఎక్కువైందని అన్నవాడి నాలుకను విడిగా తిట్టింది. కొండవాళ్లకు కొన్ని మాటలు అర్థం కాక ఒకరినొకరు అడిగి తెలుసుకుని మరీ నవ్వారు. తాతారావు తన అన్న పరువు కాపాడటానికి "వదినా, వదినా" అని రెండుసార్లు అడ్డుపడి, తనకూ నాలుగు తగిలాక పనస చెట్టు వెనక్కి వెళ్లిపోయాడు.

"ఆ పండగ నాడే కదరా అన్నాను, కొండెక్కి పో, మల్లీ నా గుమ్మం తొక్కకు అని" అంది చివరికి. "పుట్టి బుద్దెరిగినాక నువ్వు నా మాట ఇన్నది ఆ ఒక్కపాలే. అదే ఇనాలా? ఇన్ని సెప్పినాను, ఇన్ని తిప్పలుబడి సెప్పినాను, అన్నీ గాలికొదిలీసి అదొక్కటే ఇనాలట్రా?"

ఆగింది. మెడ ఒక పక్కకు వంచి విన్నట్టు కూర్చుంది. ఈత పొదల్లో గాలి కొట్టింది. కింద ఎక్కడో మేకలు అరిచాయి.

చాలాసేపయ్యాక పైడమ్మ తలెత్తింది.

"పోనాడు" అంది.

"ఎలా తెలిసిందప్పా?" గాసి మెల్లగా అడిగాడు.

"నాను ఒకటంటే పది అనీవోడు. నిద్దర్లో అన్నా జవాబు సెప్పీవోడు. రంగంలో ఉన్నా, ఏ లోకంలో ఉన్నా ఊపిరుంటే ఈ తిట్లకి ఈపాటికి ఇక్కడికొచ్చీసి, నాకు ఎదర నిలబడి మా యమ్మనీ మా నాన్ననీ కలిపి తిట్టీవోడు. ఊరుకున్నాడంటే పోనాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగు మొహం మీదే కాసేపు ఉండిపోయింది. చెట్టు వెనక నుంచి తాతారావు ఇవతలికి వచ్చి నేల మీద కూలబడ్డాడు. అన్న పోయేనాటికి అతను నిక్కరు కూడా లేని గుంటడు. అన్న గొంతు అతనికి గుర్తుంది గాని మొహం గుర్తు లేదట.

పైడమ్మ వంగి కాలి మెట్టెలు తీసింది. బిగుసుకుపోయినవి, చాలాసేపు పట్టింది. వాటిని రాయి కింద మట్టిలోకి తోసింది. గాజుల మీద చెయ్యి వెయ్యలేదు.

తాతారావు చూశాడు. "మరి గాజులు వదినా?"

"మెట్టెలు ఆడు ఎట్టినాడు, ఆడికిచ్చీసినాను. గాజులు నాను సంతలో ఏయించుకున్నాను. నీ అన్న కొన్న గాజొక్కటున్నా సూపించు, ఇప్పుడే బద్దలుకొట్టీస్తాను."

"మగపెల్లోరు అడిగితే ఏటనాల?"

"నా పెనిమిటి బోడిమెట్ట మీద పోనాడు, నాను సూసొచ్చినాను అను. హారతి పట్టమంటే పడతాను, ఒద్దంటే వంటలకాడ కూకుంటాను. గానీ సెవుల్లో ఊదుకోడం నేదు. ఏటైనా నా ఎదరొచ్చి అడగమను. అడగ్గలిగిన ఆడదాయి ఎవుర్తో నానూ సూస్తాను."

తాతారావుకి మగపెళ్లివారి మీద ఒక్కసారిగా జాలి కలిగింది.

గాసి అప్పటికే ఆ నలుగురినీ మళ్లీ కేకేశాడు. పరుపు రాయి వేసి చెమట ఆరకముందే నిలువు రాయి మొయ్యమనేసరికి వాళ్లు గదబ మాటల్లో గాసినేదో అన్నారు. తెలుగులో చెప్పమని పైడమ్మ అడిగితే ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక రాయి దొరికింది. మరీ ఎత్తు లేదు. ఇంకా పొడుగైంది చూద్దామన్నాడు గాసి.

"ఒద్దు, ఒద్దు. ఇదే ఆడి కొలత" అంది పైడమ్మ.

గొయ్యి తీసి నిలబెట్టారు. వదులుగా ఉన్న చోట గులకరాళ్లు కూరారు. తాతారావు మట్టి తొక్కాడు, అడగకుండానే. పైడమ్మ పరుపు రాయి మీద వెనక్కి జరిగి నిలువు రాయికి వీపు ఆనించింది. ఆనించి, అటూ ఇటూ సర్దుకుంది.

"బతికున్నన్నాల్లు ఒక్క గడియ కుదురుగా ఉండనేదు. ఇప్పుడు జారబడ్డానికి బాగున్నాడు" అంది.

పొద్దు వాలుతోంది, దిగాలని తాతారావు తొందరపెట్టాడు. మిగతావాళ్లు మూటలు సర్దుకున్నారు. "మీరు నడుత్తుండండి, నాను బేగి కలుస్తాను" అంది పైడమ్మ. ఎక్కేటప్పుడు ఆమె నడక చూశారు కనుక ఎవరూ అనుమానించలేదు.

గాసి గుంపు ముందు వెళ్లాల్సినవాడు. వెళ్లలేదు. పక్క రాయి మీద చతికిలబడి, కల్లు బుర్ర మూత తీసి ఆమెకు ఇచ్చాడు.

"అప్పా, ఆ కోడి పేరెట్టిన సంగతి మల్లీ సెప్పు. మీ అత్త ఊరుకున్నాదేటి?"

"ఊరుకోడవే!" అంది పైడమ్మ, బుర్ర అందుకుంటూ.